దిగని ఒత్తిడి
పాఠకుల ప్రశ్నలు, మానసిక ఆరోగ్య శీర్షిక జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం పెద్ద విపత్తుల గురించి కాక, రోజూ ఎదురయ్యే పని, చదువు, నిద్ర, ఇంట్లో పడే మాటల గురించే ఉన్నాయి. వాటిలో ఆరింటిని ఎంచుకుని, రాసినవారిని గుర్తుపట్టే వివరాలను తొలగించి ఇక్కడ ఇస్తున్నాం. ఉత్తరం చదివినంత మాత్రాన జబ్బును నిర్ధారించడం ఎవరికీ సాధ్యం కాదు కాబట్టి వీటిని సలహాగానే స్వీకరించాలని మనవి.

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. ఉద్యోగం చేస్తున్నాను, ఇద్దరు పిల్లలు. చెప్పుకోదగ్గ కష్టమేమీ లేదు. అయినా పొద్దున లేచింది మొదలు ఏదో ఒకటి వెనక నుంచి తరుముతున్నట్టే ఉంటుంది. ఆఫీసులో ఎంత ఓపిక పట్టినా ఇంటికి రాగానే చిన్న మాటకే పిల్లల మీద విరుచుకుపడి, ఆ తర్వాత నాలో నేనే బాధపడుతున్నాను. మెడ పట్టేస్తోంది, కడుపులో మంటగా ఉంటోంది. "అందరికీ ఉండేవే కదా, నువ్వే గోరంతను కొండంత చేసుకుంటావు" అంటారు మావారు. నా మనసు నిజంగా అంత బలహీనమైనదా?

జవాబు: మీ మనసు బలహీనమైనదనడానికి మీ ఉత్తరంలో ఆధారమేమీ కనిపించలేదు. మీ శరీరం తాను చేయవలసిన పనినే చేస్తోంది, కాకపోతే మొదలుపెట్టిన ఆ పనిని ముగించే వ్యవధి దానికి దొరకడం లేదు.

ప్రమాదం ఎదురైనప్పుడు పోరాడటానికో పారిపోవడానికో శరీరం ఎలా సన్నద్ధమవుతుందో అమెరికా శరీరధర్మ శాస్త్రవేత్త వాల్టర్ కానన్ 1915లోనే వివరించాడు. అడ్రినలిన్ అనే హార్మోను విడుదలై గుండె వేగం పెరుగుతుంది, కండరాలు బిగుసుకుంటాయి, జీర్ణక్రియ మందగిస్తుంది. ఆ వెనుకనే కార్టిజాల్ అనే హార్మోను పెరిగి, రక్తంలోకి చక్కెరను వదిలించి శక్తిని సిద్ధంగా ఉంచుతుంది. ప్రమాదం తప్పిపోగానే ఇవన్నీ మళ్లీ మామూలు స్థాయికి దిగిరావాలి. మీదికి దూసుకొచ్చే వాహనానికీ, పై అధికారి పంపిన ముక్తసరి సందేశానికీ శరీరం స్పందించే తీరులో తీవ్రత వేరు కావచ్చు గాని పద్ధతి చాలావరకు ఒకటే. అయితే వాహనం మన పక్కనుంచి వెళ్లిపోతుంది, సందేశం మాత్రం రాత్రి పిల్లలను పడుకోబెడుతున్నప్పుడు కూడా మనసులో మెదులుతూనే ఉంటుంది. మీ మెడ నొప్పికి, కడుపు మంటకు, సాయంత్రపు కోపానికి మూలం ఇక్కడ ఉండే అవకాశం ఉంది. (నొప్పి, మంట వారాల తరబడి తగ్గకపోతే ఒత్తిడి మీద నెట్టేయకుండా వైద్యునికి చూపించండి.)

దీర్ఘకాలం ఇలా సర్దుకుంటూ రావడం వల్ల గుండెకు, రక్తనాళాలకు, రోగనిరోధక వ్యవస్థకు, మెదడుకు కలిగే అరుగుదలను బ్రూస్ మెక్‌ఈవెన్, ఎలియట్ స్టెల్లర్ అనే శాస్త్రవేత్తలు 1993లో ఒక సిద్ధాంతంగా వివరించారు. దాని సారాంశం ఈ శీర్షికలో నేను తరచుగా చెప్పేదే: ఒత్తిడి వచ్చి పోయినందువల్ల కలిగే నష్టం కంటే, వచ్చినది దిగకుండా ఉండిపోయినందువల్ల కలిగే నష్టం చాలా ఎక్కువ. నిబ్బరం గల మనిషికి ఒత్తిడి కలగదనుకోవడం పొరపాటు. అతనికీ కలుగుతుంది, కాని అది దిగడానికి అతని రోజులో చోటు ఉంటుంది.

ఇక మీవారి మాట గురించి. మనస్తత్వ శాస్త్రవేత్త రిచర్డ్ లాజరస్ బృందం 1981లో ప్రచురించిన ఒక పరిశోధనలో, పెద్ద పెద్ద జీవిత సంఘటనల కంటే రోజువారీ చికాకులకే మానసిక బాధలతో ఎక్కువ సంబంధం కనిపించింది. పెద్ద కష్టం వచ్చినప్పుడు నలుగురూ పక్కన నిలబడతారు, సెలవు దొరుకుతుంది, ఏడవడానికి అనుమతి ఉంటుంది. చిన్న చికాకులకు ఇవేవీ ఉండవు, పైగా ఒకటి తీరేలోపే మరొకటి వచ్చి పడుతుంది. కాబట్టి మీరు గోరంతను కొండంత చేసుకోవడం లేదు, గోరంతలే వరుసగా పేరుకుంటున్నాయి. ఈ పేరా ఆయనకు చదివి వినిపించినా నాకు అభ్యంతరం లేదు.

చేయగలిగినవి కొన్ని చెబుతాను. ఆఫీసు పనికీ ఇంటి పనికీ మధ్య పది, పదిహేను నిమిషాల విరామం ఉండేలా చూసుకోండి. ఆ సమయంలో ఫోను చూడకుండా నడవండి, లేదా ఒకచోట కూర్చుని నాలుగు లెక్కపెట్టేంతసేపు ఊపిరి పీల్చి, ఆరు లెక్కపెట్టేంతసేపు నెమ్మదిగా వదలండి. ఊపిరి వదిలేటప్పుడు, మెదడు నుంచి గుండెకు వెళ్లే వేగస్ అనే నాడి ప్రభావం వల్ల గుండె వేగం కొద్దిగా తగ్గుతుంది కాబట్టి, వదలడాన్ని సాగదీస్తే శరీరానికి శాంతించమన్న సూచన అందుతుంది. ఆ తర్వాతే ఇంట్లో అడుగు పెట్టండి. పిల్లల మీద కేకలు వేసిన రోజున, కోపం చల్లారాక "ఇందాక నేను అలా అరవకుండా ఉండవలసింది, తప్పు నీది కాదు" అని చెప్పడం వారికీ మీకూ మేలు చేస్తుంది.

దీనితోపాటు ఒక వారం రోజులు, ఏ వేళకు ఏ విషయం మిమ్మల్ని ఎక్కువగా కలవరపెడుతోందో క్లుప్తంగా రాసిపెట్టుకోండి. అన్నీ సమస్యలే అనిపించే జీవితంలో కూడా, కాగితం మీద పెట్టి చూస్తే సాధారణంగా రెండు మూడు చిక్కులే పదే పదే కనిపిస్తాయి. వాటిలో మార్చగలిగినది ఏది, భరించక తప్పనిది ఏది అని తేల్చుకోవాలి. పనిభారమే అసలు కారణమని తేలితే ఎన్ని శ్వాస వ్యాయామాలు చేసినా అది తీరదు. దాని గురించి ఆఫీసులో మాట్లాడాలి, ఇంటి పనిని మీవారితో పంచుకోవాలి. ముగ్గురు చేయవలసిన పనిని ఒకరి నెత్తిన పెట్టి, ఆపైన వారికి ఒత్తిడిని తట్టుకోవడం ఎలాగో శిక్షణ ఇప్పించే సంస్థలను చూస్తే నాకు చిరాకు కలుగుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2019లో ఆమోదించిన వ్యాధుల వర్గీకరణలో, ఉద్యోగంలో పూర్తిగా అలసిపోయి పని మీద విముఖత పెరగడాన్ని వ్యక్తికి వచ్చిన జబ్బుగా కాక, పనిచేసే చోట సరిగా పరిష్కరించని దీర్ఘకాలిక ఒత్తిడి ఫలితంగానే పేర్కొంది.

ప్రశ్న: పడుకోగానే ఆలోచనలు మొదలవుతాయి. వాటిని ఆపాలని ఎంత ప్రయత్నిస్తే అంత ఎక్కువవుతున్నాయి. గడియారం చూస్తూ రెండు, మూడు గంటల దాకా మేలుకునే ఉంటున్నాను. పగలు పని మీద మనసు నిలవడం లేదు. వ్యాపారంలో కొంత చిక్కు ఉన్న మాట నిజమే గాని, రాత్రి పూట తలచుకున్నంత మాత్రాన అది తీరదని నాకూ తెలుసు.

జవాబు: ఆపాలని ప్రయత్నించడమే ఇక్కడ సగం సమస్య. డేనియల్ వెగ్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1987లో కొందరిని తెల్ల ఎలుగుబంటి గురించి ఆలోచించవద్దని కోరి పరీక్షించాడు. వారికి అదే పదే పదే గుర్తుకు రావడమే కాక, ఆ నిషేధం ఎత్తేశాక మొదటినుంచీ స్వేచ్ఛగా ఆలోచించినవారి కంటే ఎక్కువగా గుర్తుకు వచ్చింది. ఒక ఆలోచన రాకూడదని కాపలా కాయాలంటే, అది వచ్చిందా లేదా అని మనసు మాటిమాటికీ చూసుకోక తప్పదు.

అందువల్ల ఆలోచనను అణచకుండా దానికి వేరే వేళ కేటాయించండి. సాయంత్రం, పడుకోవడానికి కనీసం రెండు గంటల ముందు, ఒక ఇరవై నిమిషాలు కూర్చుని వ్యాపారపు చిక్కులన్నిటినీ కాగితం మీద పెట్టండి. ప్రతి చిక్కు పక్కన, రేపు దాని విషయంలో చేయగల మొదటి పని ఏదో ఒక్క వాక్యంలో రాయండి. చేయగలిగినది ఏమీ లేకపోతే ఆ మాటే రాయండి. రాత్రి అదే ఆలోచన మళ్లీ తలెత్తినప్పుడు దానితో వాదించకుండా, రేపు సాయంత్రం చూద్దామని వాయిదా వేయడం మొదట్లో వెర్రిగా అనిపించినా, కొన్ని వారాలకు చాలామందికి అలవాటవుతుంది.

పక్క మీద మేలుకుని దొర్లడం వల్ల, పక్క అంటే మేలుకునే చోటు అని మెదడు నేర్చుకుంటుంది. సుమారు ఇరవై నిమిషాలైనా నిద్ర పట్టలేదనిపిస్తే లేచి, మసక వెలుతురులో ఆసక్తి పెద్దగా కలిగించని పని ఏదైనా చేసి, కళ్లు మూతలు పడుతున్నప్పుడే తిరిగి పడుకోండి. గడియారాన్ని కనబడకుండా పెట్టండి. రాత్రి ఎంత ఆలస్యమైనా పొద్దున ఒకే వేళకు లేవండి, ఇది అన్నిటికంటే కష్టమైనది, అన్నిటికంటే ఫలితం ఇచ్చేది కూడా. శరీరంలో చేరిన కెఫీన్ సగానికి తగ్గడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది కాబట్టి మధ్యాహ్నం తర్వాత కాఫీ, టీ మానండి. మద్యం తొందరగా నిద్ర పట్టించినట్టు కనిపించినా, రాత్రి రెండో సగంలో నిద్రను చెదరగొడుతుంది. వారానికి మూడు రాత్రులకు తక్కువ కాకుండా, మూడు నెలలుగా ఇలాగే ఉంటే దాన్ని దీర్ఘకాలిక నిద్రలేమిగా చూడాలి. దానికి మాత్రల కంటే ముందుగా ఇవ్వదగిన చికిత్స, పైన చెప్పిన పద్ధతులను నిపుణుల పర్యవేక్షణలో క్రమంగా అమలు చేయించే మానసిక చికిత్సే. పెద్దగా గురక పెడతారని ఇంట్లోవారు అంటే ఆ సంగతీ వైద్యునికి చెప్పండి.

ప్రశ్న: పరీక్షకు ముందురోజు టెన్షన్ పడితే తప్ప నాకు చదువు ఎక్కదు. కొంత ఒత్తిడి మంచిదే అంటారు కదా?

జవాబు: కొంత వరకు మంచిదే. ఉద్వేగం మధ్యస్థంగా ఉన్నప్పుడు పని బాగా సాగుతుందని, మరీ తక్కువైనా మరీ ఎక్కువైనా దెబ్బతింటుందని చెప్పేవారు 1908లో యెర్క్స్, డాడ్సన్ చేసిన ప్రయోగాన్ని ఉదాహరిస్తారు. ఆ ప్రయోగం జరిగింది ఎలుకల మీదనన్న విషయం మాత్రం చాలామంది చెప్పరు. అందులోనే మరో సంగతి కూడా ఉంది, పని కష్టమయ్యేకొద్దీ తక్కువ ఉద్వేగమే మేలు చేసింది. బట్టీ పట్టిన నాలుగు వాక్యాలకు ముందురోజు కంగారు సరిపోతుందేమో గాని, కొత్త లెక్కను ఆలోచించి చేయడానికి అది అడ్డమే. పైగా ఆ రాత్రి మీరు వదులుకునే నిద్రలోనే చదివినది జ్ఞాపకంగా స్థిరపడవలసి ఉంటుంది. మీకు కావలసింది కంగారు కాదు, గడువు. ఒక స్నేహితునికి ఫలానా రోజున ఫలానా పాఠం వివరిస్తానని మాట ఇచ్చి చూడండి.

ప్రశ్న: నాన్న పోయి ఏడాది కావస్తోంది. అక్క నెల తిరగకుండానే మామూలు మనిషైంది. నేను ఇప్పటికీ ఒక్కోరోజు ఏ పనీ చేయలేక కూర్చుండిపోతాను. "నీకు నిబ్బరం లేదు, మనసు గట్టి చేసుకో" అని అందరూ అంటున్నారు. ఇది పుట్టుకతో రావలసిందేనా, నేర్చుకుంటే వస్తుందా?

జవాబు: ముందుగా, మనసు గట్టి చేసుకోమనే సలహాను పట్టించుకోకండి. చెప్పేవారికి సులువుగా ఉంటుంది గాని అందులో చేయదగిన పని ఒక్కటీ లేదు.

ఆప్తులను పోగొట్టుకున్నవారిని ఏళ్ల తరబడి పరిశీలించిన జార్జ్ బొనానో వంటి పరిశోధకులు, దుఃఖం అందరిలో ఒకే దారిలో నడవదని చూపించారు. చాలామంది కొద్దికాలంలోనే రోజువారీ పనులు చేసుకోగలుగుతారు, అంతమాత్రాన వారికి ప్రేమ తక్కువని అర్థం కాదు. కొందరు నెమ్మదిగా తేరుకుంటారు. ఇంకొందరిలో బాధ తగ్గకుండా నిలిచిపోతుంది. మీ అక్కగారిది మొదటి దారి కావచ్చు, లేదా ఆమె కూడా మీకు కనబడకుండా ఏడుస్తూ ఉండవచ్చు. ఆమెను ఎప్పుడైనా అడిగారా?

పుట్టుక పాత్ర కొంత ఉంది గాని కథ అక్కడితో ముగియదు. హవాయి దీవులలోని కవాయిలో 1955లో పుట్టిన 698 మంది పిల్లల జీవితాలను ఎమీ వెర్నర్, రూత్ స్మిత్ దశాబ్దాల పాటు అనుసరించారు. పేదరికం, ఇంట్లో కలహాలు, తల్లిదండ్రుల మానసిక వ్యాధి వంటి అనేక ప్రతికూలతల మధ్య పెరిగిన పిల్లలలో సుమారు మూడింట ఒక వంతు మంది సమర్థులైన, నలుగురి పట్ల శ్రద్ధ గల పెద్దలుగా ఎదిగారు. వారి స్వభావం కొంత తోడ్పడింది. దానితోపాటు, తల్లిదండ్రులు కాకపోతే ఒక తాతో, అమ్మమ్మో, ఉపాధ్యాయురాలో, వారిని నమ్మి పట్టించుకున్న పెద్దమనిషి ఒక్కరైనా వారి జీవితంలో కనిపించారు. అంతకంటే నాకు ముఖ్యమనిపించే విషయం ఏమిటంటే, కౌమారంలో దారి తప్పినవారిలో కూడా చాలామంది ముప్పై, నలభై ఏళ్లకు చేరేసరికి కుదుటపడ్డారు. మళ్లీ చదువుకోవడం, స్థిరమైన దాంపత్యం, ఏదో ఒక సమాజంలో చోటు దొరకడం అందుకు తోడ్పడ్డాయి. అంటే నిబ్బరం ఒక మనిషి లోపల మాత్రమే ఉండే గుణం కాదు, చాలావరకు అతని చుట్టూ ఉన్నవారి నుంచి వచ్చేది. దానికి వయసు మించిపోవడం కూడా ఉండదు.

కాబట్టి ఒంటరిగా కూర్చుని ధైర్యం తెచ్చుకోవాలని ప్రయత్నించడం కంటే, నాన్నగారి గురించి తడుముకోకుండా మాట్లాడగలిగే ఒక్కరిని వెతుక్కోవడం మేలు. లేచి పని చేయలేని రోజున పెద్ద పని ఏదీ పెట్టుకోకుండా, స్నానం, బయట కొద్దిసేపు నడక, ఒక ఫోను, ఈ మూడూ జరిగితే చాలనుకోండి. ఉత్సాహం వచ్చాక లేద్దామని చూస్తే అది రాదు, సాధారణంగా లేచి ఏదో ఒకటి చేశాకే కొంత ఉత్సాహం వస్తుంది. ఏడాది దాటిన తర్వాత కూడా దాదాపు రోజంతా ఆయన కోసం తపిస్తూ, మీ జీవితానికి అర్థం లేదనిపిస్తూ, పనులు సాగకపోతే దానికి ప్రత్యేకమైన మానసిక చికిత్స ఉంది. అది తీసుకోవడంలో చిన్నతనం లేదు.

ప్రశ్న: మనసులోని బాధ పంచుకుంటే తగ్గుతుందంటారు. నేనూ నా స్నేహితురాలూ రోజూ గంటసేపు మా మా కష్టాలు చెప్పుకుంటాం. ఫోను పెట్టేశాక ఇంకా బరువుగా ఉంటోంది. ధ్యానం చేద్దామని కళ్లు మూసుకుంటే గుండె దడ పెరుగుతోంది. నాకు ఏదీ పనిచేయదా?

జవాబు: చెప్పుకోవడం వేరు, తవ్వుకోవడం వేరు. ఒకే సంఘటనను రోజూ తిరగేస్తూ, ఆమె అలా ఎందుకు అంది, నాకే ఎందుకు ఇలా జరుగుతోంది అని ఇద్దరూ కలిసి మథనపడితే స్నేహం బలపడుతుంది గాని ఆందోళన కూడా పెరుగుతుందని అమాండా రోజ్ అనే పరిశోధకురాలు 2002లో పిల్లలు, కౌమార వయస్కుల మీద చేసిన పరిశోధనలో గమనించింది. మీ స్నేహాన్ని వదులుకోవద్దు, ఆ గంటను రెండుగా విభజించండి. కష్టాలకు సగం, ఇక ఏం చేద్దామన్న మాటకో, కష్టంతో సంబంధం లేని కబుర్లకో మిగతా సగం.

ధ్యానం అందరికీ పడదు. కళ్లు మూసుకుని లోపలికి చూసుకోవడం వల్ల కంగారు పెరిగేవారు కొందరు ఉంటారు, అది వారి లోపం కాదు. అలాంటివారికి కళ్లు తెరిచి శరీరంతో చేసే పద్ధతులు నయం. పాదాల నుంచి మొదలుపెట్టి ఒక్కో కండరాన్ని కొన్ని క్షణాలు బిగించి వదిలే పద్ధతిని ఎడ్మండ్ జేకబ్సన్ అనే వైద్యుడు దాదాపు వందేళ్ల క్రితం రూపొందించాడు, ఇప్పటికీ వాడుకలో ఉంది. అదీ నచ్చకపోతే వేగంగా నడవండి. పెద్దలకు వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేస్తోంది. దాని వల్ల మనసుకు కలిగే ప్రయోజనం, అందులో సగం చేసినవారికి కూడా కొంత దక్కుతుంది.

ప్రశ్న: రెండు నెలలుగా మావారు ఎవరితోనూ మాట్లాడటం లేదు. ఇదివరకు ఇష్టంగా చేసే పనులన్నీ మానేశారు. తిండి తగ్గి చిక్కిపోయారు, తెల్లవారుజామున మూడింటికే లేచి కూర్చుంటున్నారు. మొన్న "నేను లేకపోతే మీకందరికీ హాయి" అన్నారు. పని ఒత్తిడే, కొద్దిరోజులకు అదే సర్దుకుంటుందంటున్నారు. డాక్టరు దగ్గరికి వెళ్దామంటే కోప్పడుతున్నారు. నేనేం చేయాలి?

జవాబు: అమ్మా, ఇది ఆగి చూడవలసిన విషయం కాదు. దిగులు గాని, దేని మీదా ఆసక్తి లేకపోవడం గాని రెండు వారాలకు మించి దాదాపు రోజంతా ఉండి, దానితోపాటు నిద్ర, ఆకలి, శక్తి, ఏకాగ్రత దెబ్బతింటే దాన్ని కుంగుబాటుగా అనుమానించి పరీక్ష చేయించాలి. ఒత్తిడి దాన్ని మొదలుపెట్టి ఉండవచ్చు గాని, ఇప్పుడు సెలవు పెట్టినంత మాత్రాన అది పోదు. పై జవాబుల్లో చెప్పిన నడక, శ్వాస వంటివాటితో దీన్ని నయం చేయాలని చూడకండి.

ఆయన అన్న చివరి మాటను తేలికగా తీసుకోవద్దు. నిదానంగా, నేరుగా అడగండి: "చనిపోవాలన్న ఆలోచన వస్తోందా?" అలా అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని చాలామంది భయపడతారు, ఆ భయానికి ఆధారం లేదు. అడగడం వల్ల తరచుగా అవతలి మనిషికి కొంత ఊరట కలుగుతుంది. వస్తోందని చెబితే వాదించకండి, పాపమనో పిల్లల గతి ఏమిటనో దెప్పకండి. చెప్పినందుకు మంచి పని చేశారని చెప్పి, ఆయనను ఒంటరిగా వదలకుండా, ఇంట్లో ఉన్న మందులు, విషపదార్థాలు, ప్రాణానికి ముప్పు కలిగించే ఇతర వస్తువులు ఆయనకు అందకుండా చేసి, అదే రోజున ఆసుపత్రికి తీసుకువెళ్లండి. ఎలా, ఎప్పుడు అన్నది కూడా ఆయన అనుకుని ఉంటే అత్యవసర సేవలకు వెంటనే ఫోను చేయండి. ఈ విషయాన్ని రహస్యంగా ఉంచుతానని మాత్రం ఆయనకు మాట ఇవ్వకండి.

లేదని చెప్పినా, ఈ వారంలోనే వైద్యునికి చూపించాలి. మానసిక వైద్యుడన్న మాటకే ఆయన కోప్పడితే, నిద్ర కోసం, చిక్కిపోవడం గురించి అని మీ మామూలు డాక్టరు దగ్గరికి తీసుకువెళ్లండి. అది అబద్ధం కూడా కాదు, ఎందుకంటే థైరాయిడ్ సమస్యల వంటి శారీరక కారణాలు ఉన్నాయేమో ఎలాగూ చూడాలి. ఆయన మాట వినే అన్నగారో పాత మిత్రుడో ఉంటే వారిని తోడు రమ్మనండి. వైద్యుడు మందులు రాస్తే, వాటి ప్రభావం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుందని, మధ్యలో తమంతట తాముగా ఆపకూడదని ముందే తెలిసి ఉండటం మంచిది. డాక్టరు ఎదుట ఆయన అంతా బాగానే ఉందని చెప్పే అవకాశం ఉంది కాబట్టి, నిద్ర ఎప్పటి నుంచి తగ్గింది, ఏమేమి మానేశారు, మొన్న సరిగ్గా ఏ మాట అన్నారు అన్నవి ఒక కాగితం మీద రాసుకుని మీరు కూడా లోపలికి వెళ్లండి.